వార్తకు చిరునామా ఉండాలి

2024 సెప్టెంబరు మొదటి వారం గుర్తు తెచ్చుకోండి. విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ, ఎటు చూసినా బుడమేరు వాగు నీళ్లే. కింది ఇళ్లవాళ్లు పై అంతస్తులకు, డాబాల మీదకు ఎక్కారు. కరెంటు లేదు. ఫోనులో మిగిలిన కాస్త ఛార్జింగును ఒకే ఒక్క అవసరమైన కాల్ కోసం దాచుకున్న రోజులవి. ఆ రోజుల్లోనే ఒక మాట ఊరంతా పాకింది. బుడమేరు కట్ట మళ్లీ తెగిందట, ఇంకో వరద వస్తోందట అని. నీరు కాస్త తీస్తోందని ఊపిరి పీల్చుకుంటున్నవాళ్లు మళ్లీ గుండెలు చేత పట్టుకున్నారు. అది నిజం కాదు, నమ్మవద్దు అని అధికారులు, మంత్రులు చెప్పాల్సి వచ్చింది.

నేనుండే గవర్నర్‌పేట దాకా బుడమేరు నీరు రాలేదు. ఆ మాట మాత్రం వచ్చింది. బీసెంట్ రోడ్డు దుకాణాల్లో, అలంకార్ సెంటర్లో, లెనిన్ సెంటర్లో ఎవరి నోట విన్నా అదే. సింగ్‌నగర్‌లో చుట్టాలు లేని ఇల్లు ఈ పేటలో తక్కువ. అందుకే ఆ మాటను తేలిగ్గా తీసుకోలేకపోయాం.

ఆ పుకారును నమ్మినవాళ్లను తెలివితక్కువవాళ్లనడం అన్యాయం. ఎందుకంటే అందులో సగం నిజముంది. కవులూరు దగ్గర బుడమేరు డైవర్షన్ కాలువ కట్టకు మూడు గండ్లు పడిన మాట వాస్తవం. సైన్యం కూడా వచ్చి చెయ్యి వేస్తే, మూడో గండి పూడేసరికి సెప్టెంబరు 7 అయింది. అప్పటిదాకా భయపడటానికి కారణం ఉంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు మన పెద్దవాళ్లు. నిప్పు నిజంగానే ఉంది. అయితే అది ఎప్పటి నిప్పు, ఎక్కడి నిప్పు అన్నది ఆ సందేశంలో లేదు. అంతకుముందు పడిన గండి ఈ నిమిషపు గండి అయిపోయింది. సోషల్ మీడియాలో తిరిగే అబద్ధాల్లో చాలావాటి పుట్టుక ఇలాగే ఉంటుంది. పూర్తిగా కల్పించినవి తక్కువ. నిజమైన ఫొటోకు వేరే ఊరి పేరు తగిలిస్తారు, నిజమైన వీడియోకు వేరే ఏడాది. తేదీని చెరిపేస్తే చాలు, నిన్నటి నిజం ఇవాళ్టి అబద్ధంగా మారుతుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. సెప్టెంబరు 1న నీళ్లు గుమ్మంలోకి వచ్చాకే మాకు తెలిసింది, ముందుగా ఎవరూ చెప్పలేదు అని ఆ కాలనీల జనం ఎంతోమంది వాపోయారు. మొదటి వరదకు ముందు కబురు అందనివాళ్లు, రెండో వరద వస్తోందంటే ఎందుకు నమ్మరు? ఈసారైనా ముందుగా తెలిసింది అనుకుంటారు. చెప్పవలసిన వాళ్లు ఆలస్యం చేసిన చోటనే పుకారు వచ్చి కూర్చుంటుంది. దాన్ని లేపడం తర్వాత ఎవరి తరమూ కాదు.

అదే రోజుల్లో కృష్ణా నది సంగతి చూడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3 లక్షల 97 వేల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5 లక్షల 69 వేలు దాటితే రెండోది. కృష్ణలంకలో, రాణిగారితోటలో, దిగువన లంక గ్రామాల్లో చదువుకోని ముసలమ్మకు కూడా ఈ లెక్క తెలుసు. 2024 సెప్టెంబరు 2న ప్రవాహం 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరింది. అంతటి వరదను ఈ బ్యారేజీ అంతకుముందు చూడలేదు. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర కౌంటర్‌వెయిట్లను గుద్దాయి. ఎన్ని రకాల మాటలు పుట్టినా, నదిలో ఎంత నీరు ఉందన్న విషయంలో జనం గందరగోళపడలేదు. గంటగంటకూ అంకె వచ్చేది. ఆ అంకెను ఎక్కడ కొలిచారో తెలుసు, ఎవరు కొలిచారో తెలుసు, ఏ గంటకు కొలిచారో తెలుసు. రేడియోలో చెప్పినా, పేపర్లో వేసినా, ఫోనులో వచ్చినా అదే అంకె. పెద్ద నదికి వార్తా వ్యవస్థ ఉంది. పక్కనున్న వాగుకు లేదు. బుడమేరులో ఇంత నీరొస్తే మన వీధి మునుగుతుందని చెప్పే, సామాన్యుడికి అలవాటైన అంకె ఒక్కటీ సింగ్‌నగర్‌లో లేకపోయింది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నీటిమట్టం ఎంత ఉందో, ఏ గంటకు చూశారో రాసి, చూసినవారి సంతకంతో ప్రతి వార్డు సచివాలయం ముందు ఒక బోర్డు మీద పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వాన పడిన ప్రతి రాత్రీ పెట్టాలి. వరద రాని ఏళ్లలో కూడా పెట్టాలి. అలవాటైన అంకెనే జనం ఆపదలో నమ్ముతారు.

ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. ఈ మూడింటినీ కలిపి నేను వార్తకు చిరునామా అంటున్నాను. ఇవాళ మన ఫోనుల్లోకి వచ్చే వాటిలో లోపించింది ఈ చిరునామానే.

మీ ఇంట్లో ఇవాళ్టి దినపత్రిక ఉంటే అట్టడుగున చూడండి. చిన్న అక్షరాల్లో ఒక వరస ఉంటుంది. ముద్రించినవారు, ప్రచురించినవారు, సంపాదకులు, ఎక్కడ అచ్చయిందో ఆ చోటు. ఆ వరసను ఎవరూ చదవరు. 1867లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం పెట్టిన నియమం అది. ఆ చట్టం పోయి 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. తెల్లవాడు ఆ నియమం పెట్టింది మన మంచి కోసం కాదు. తనను విమర్శించేవాడు ఎవడో, ఎక్కడ దొరుకుతాడో తెలుసుకోవడానికి పెట్టాడు. కానీ కాలక్రమంలో ఆ వరస పాఠకుడి చేతిలో ఆయుధమైంది. తప్పు రాస్తే ఎవరిని అడగాలో అందులో ఉంది. కోర్టుకు వెళ్లాలంటే ఎవరి మీద వెళ్లాలో ఉంది.

ఈ సంగతి బెజవాడకు బాగా తెలుసు. తెలుగు పత్రికలకు ఇది చాలా కాలం రాజధాని. కృష్ణా పత్రిక 1902లో పొరుగున బందరులో పుట్టింది. విశాలాంధ్ర 1952లో, ఆంధ్రజ్యోతి 1960లో నార్ల వెంకటేశ్వరరావు గారి సంపాదకత్వంలో, ఇక్కడే మొదలయ్యాయి. బొంబాయిలో పుట్టి మద్రాసుకు వెళ్లిన ఆంధ్రపత్రిక, మద్రాసులో పుట్టిన ఆంధ్రప్రభ తర్వాత ఇక్కడికే తరలివచ్చాయి. ప్రజాశక్తి 1981లో ఇక్కడినుంచే దినపత్రిక అయింది. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు నాలుగేళ్లకు విజయవాడకూ వచ్చింది. గవర్నర్‌పేట, గాంధీనగర్, సూర్యారావుపేటల మధ్య నడిచే మనిషికి ఆ రోజుల్లో సంపాదకుడు, ప్రెస్సు, విలేకరి ఎదురుపడే మనుషులు. నా ఊరి సంగతి తప్పు రాశారయ్యా అని ఒక రైతు బస్సు దిగి ఆఫీసు మెట్లెక్కి అడగగలిగేవాడు. అడిగినవాడికి ప్రతిసారీ న్యాయం జరిగిందని నేను అనడం లేదు. అడగడానికి ఒక గుమ్మం ఉండేది అంటున్నాను.

ఆ గుమ్మం లోపల ఒక పని జరిగేది. మండలం నుంచి విలేకరి వార్త పంపితే డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్ ఫోను చేసి అడిగేవాడు. ఎవరు చెప్పారు? ఎస్సై ఏమన్నాడు? ఆసుపత్రిలో కనుక్కున్నావా? అవతలివాళ్ల మాట ఏది? చచ్చిపోయింది ఇద్దరా ముగ్గురా, తేల్చి చెప్పు. జవాబు లేకపోతే ఆ వార్త ఆ రాత్రికి ఆగిపోయేది, లేదా కుంచించుకుపోయి నాలుగు వాక్యాలయ్యేది. పత్రిక చేసే పనిలో వార్త రాయడమెంతో, ఆపడమూ అంతే. పాఠకుడికి కనిపించని పని అది. మంచి పత్రికకు విలువ ఏ వార్తలు వేసిందనే దానిలో ఎంత ఉందో, ఏవి వేయకుండా ఆపిందనే దానిలో అంతే ఉంది. ఇవాళ ఆ ఆపే మనిషి దారిలో లేడు. సంఘటన జరిగిన చోటికీ మన అరచేతికీ మధ్య ఎవరూ లేరు.

ఎవరూ లేరనడం కూడా పూర్తిగా సరికాదు. మన బాబాయి ఉన్నాడు, మేనకోడలు ఉంది, అపార్ట్‌మెంట్ గ్రూపులో రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. వాట్సాప్‌లో వచ్చే మాటను మనం నమ్మేది ఆ మాట చూసి కాదు, పంపిన మనిషిని చూసి. మాస్టారు అబద్ధం చెప్పరు, నిజమే. అయితే ఆ మాట మాస్టారిది కాదు. ఆయనకూ ఎవరో పంపారు. అడిగితే, నాకూ వచ్చిందమ్మా, ఎందుకైనా మంచిదని పంపించాను అంటారు. ఎందుకైనా మంచిదని అనే ఆ మాటలో ప్రేమ ఉంది, జాగ్రత్త ఉంది. పుకారు బతికేది మన చెడ్డతనం మీద కంటే ఈ మంచితనం మీదే ఎక్కువ. ఇక్కడి వదినగారు పంపిన సందేశం డాలస్‌లో ఉన్న ఆడబిడ్డకు చేరుతుంది. ఆమె కంగారుపడి గుణదలలో ఉన్న తమ్ముడికి పంపుతుంది. అమెరికా నుంచి కూడా అక్క ఇదే అంటోంది, కాబట్టి నిజమే అనుకుంటాడు తమ్ముడు. బయల్దేరిన ఊరికే తిరిగొచ్చిన మాట, రెండో సాక్ష్యంలా చెల్లిపోతుంది.

చాలాసార్లు చేతులు మారిన సందేశం మీద వాట్సాప్ రెండు బాణాల గుర్తు వేస్తుంది. 2018 జూలైలో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి ఆ రెండు బాణాల సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. ఆ గుర్తును జాగ్రత్త అన్న హెచ్చరికగా చూడాలి. మనలో చాలామంది దాన్ని ఇంతమంది పంపారంటే ఎంత ముఖ్యమో అన్నట్టు చూస్తున్నాం. బస్సులో, పెళ్లిలో నేను విన్న మాటలే ఇవి.

ఆ కట్టడి ఊరికే రాలేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని, పార్థీ గ్యాంగ్ అని తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా సందేశాలు, వీడియోలు తిరిగాయి. కొత్త మనిషి కనిపిస్తే కట్టేసి కొట్టారు. హైదరాబాద్ పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. పొట్టకూటికి ఊరుగాని ఊరు వచ్చినవాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు, భాష రానివాళ్లు దెబ్బలు తిన్నారు. పుకారు ఎప్పుడూ దిక్కులేనివాడినే వెతుక్కుంటుంది.

అదే కాలంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు చేసిన పని మన పోలీసు శిక్షణల్లో పాఠంగా చెప్పదగ్గది. సుమారు 400 గ్రామాలకు ఊరికో పోలీసును బాధ్యుణ్ని చేశారు. ఆ కానిస్టేబులు ఊరికి వెళ్లి, రచ్చబండ దగ్గర కూర్చుని, జనానికి తన ఫోను నంబరు ఇచ్చి, వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తానూ చేరాడు. ఏదైనా వస్తే ముందు నాకు చూపించండి అన్నాడు. దరువుతో పాటతో జానపద కళాకారులు ఊళ్లు తిరిగి చెప్పారు. ఆ పుకార్ల వల్ల అక్కడ ఒక్క ప్రాణమూ పోలేదు. ఇందులో గొప్ప సాంకేతికత ఏమీ లేదు. పేరున్న మనిషి, ముఖం తెలిసిన మనిషి, అర్ధరాత్రి ఫోను చేసినా ఎత్తే మనిషి ఊరికి ఒకరు దొరికారు, అంతే. పుకారుకు ఎదురుగా వాళ్లు ఒక చిరునామాను నిలబెట్టారు.

2020లో కరోనా మొదలైనప్పుడు ఏం జరిగిందో మరిచిపోకూడదు. ఫిబ్రవరిలో, మన రాష్ట్రంలో ఒక్క కేసు కూడా బయటపడకముందే, చిత్తూరు జిల్లాలో ఒక నడివయసు మనిషి ఫోనులో వీడియోలు చూసి, తనకు ఆ జబ్బే వచ్చిందనుకుని, ఇంట్లోవాళ్లకు అంటుతుందన్న భయంతో ప్రాణం తీసుకున్నాడు. ఆయనకు ఆ జబ్బు లేదు. అదే నెలలో కోడి మాంసం తింటే కరోనా వస్తుందన్న మాట పాకి కోళ్ల ధర కుప్పకూలింది. హనుమాన్ జంక్షన్, నూజివీడు వైపు కోళ్ల ఫారాలవాళ్లను అడగండి, ఆ నెలలు ఎలా గడిచాయో చెబుతారు. హైదరాబాద్‌లో మంత్రులు వేదిక మీద చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. అప్పు తెచ్చి షెడ్డు వేసుకున్న రైతు పోగొట్టుకున్నదాన్ని ఆ సందేశం మొదట రాసినవాడు తిరిగి ఇవ్వలేదు. ఎవడో తెలిస్తే కదా అడగడానికి.

కావాలని కల్పించేవాళ్లూ ఉన్నారు. 2023 నవంబరులో నటి రష్మిక ముఖాన్ని ఇంకొక మహిళ శరీరానికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. రెండు నెలల తర్వాత ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసింది మన గుంటూరు జిల్లా యువకుణ్ని. తాను నడిపే అభిమానుల పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. ఇది విన్నప్పుడు నాకు కోపం కంటే దిగులు ఎక్కువ వేసింది. చదువుకున్న కుర్రాడు. చేతిలో విద్య ఉంది. ఆ విద్యకు వ్యూస్, ఫాలోవర్లు తప్ప ఇంకో కొలత చూపించలేకపోయాం. యూట్యూబ్‌లో ఒకాయన ఫొటోకు దండ వేసి, వీడియో లోపల ఆయన ఆరోగ్యంగా ఉన్నాడని చెప్పే చానళ్లూ ఆ కొలతతోనే బతుకుతున్నాయి.

మరైతే ఏది నిజమో ప్రభుత్వమే తేలిస్తే పోదా అని కొందరు అడుగుతారు. కేంద్రం 2023లో ఐటీ నిబంధనలు సవరించి, తన పనుల గురించి వచ్చే సమాచారంలో ఏది తప్పో చెప్పే అధికారాన్ని తానే నియమించే ఒక విభాగానికి ఇచ్చుకుంది. 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. కోర్టు చేసింది సబబే అని నా అభిప్రాయం. ప్రభుత్వం తన మాట తాను చెప్పుకోవచ్చు, త్వరగా చెప్పాలి కూడా. తన మీద వచ్చిన వార్తకు తీర్పరి మాత్రం తానే కాకూడదు. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులో ఒక్కో పుకారును పట్టుకుని, ఈ ఫొటో మొదట ఎక్కడిది, ఏ ఏడాదిది అని ఆధారాలతో చూపిస్తున్నాయి. అది ఓపికతో చేసే పని. పుకారు గంటలో జిల్లా దాటుతుంది, దాని గుట్టు విప్పేసరికి రోజు పడుతుంది. అయినా ఆ పని ఆగకూడదు.

ఇక పత్రికల గురించి మనలో మనం చెప్పుకోవలసింది ఒకటుంది. జనం పత్రికల్ని, టీవీల్ని వదిలి ఫోనును నమ్మడం మొదలుపెట్టింది ఫోను వచ్చినందువల్ల మాత్రమే కాదు. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తగా అచ్చువేశారు. పెయిడ్ న్యూస్ అన్న మాట మన ఇళ్లలోకి వచ్చింది అప్పుడే. దాన్ని బయటపెట్టినవాళ్లలో మన జర్నలిస్టులే ఉన్నారు. వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో సర్వే చేసింది. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, మరొకరు విశాలాంధ్ర సంపాదకులుగా పనిచేసిన కె. శ్రీనివాసరెడ్డి గారు. పేర్లతో సహా వాళ్లు రాసిన నివేదికను 2010లో కౌన్సిల్ పూర్తిగా బయటపెట్టలేదు. సమాచార కమిషన్ ఆదేశించాక, 2011లో బయటికి వచ్చింది. ఇప్పుడు ఏ పత్రిక ఏ పార్టీదో, ఏ చానల్ ఎవరిదో బస్టాండులో టీ తాగే మనిషి కూడా చెబుతాడు. ఒకే సభ గురించి రెండు పత్రికలు చదివితే రెండు ఊళ్లలో జరిగినట్టుంటుంది. అట్టడుగున పేరు, చిరునామా అచ్చువేస్తే సరిపోదు. ఆ పేరుగలవాడు అడిగినప్పుడు జవాబు చెప్పాలి.

ఇందులో అందరికన్నా నలిగిపోతున్నవాడు మండల విలేకరి. వార్త మొదట చేరేది అతని చేతికే. ఊరికి అతని ముఖం తెలుసు, అతని ఇల్లు తెలుసు. గద్వాలలో కానిస్టేబులు చేసిన పనిని ప్రతి మండలంలో ప్రతి రోజూ చేయగలిగినవాడు. కానీ వీళ్లలో చాలామందికి జీతం లేదు. అచ్చయిన వరసల లెక్కన ఏవో కొద్ది డబ్బులు, పండుగలకు, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనలు తెస్తే కమిషను. పొద్దున ఎవరి దగ్గర ప్రకటన అడిగాడో, సాయంత్రం వాళ్ల ఇసుక లారీ గురించి రాయాలి. ఎంత నిటారైన మనిషికైనా అది కష్టం. సంస్థలు ఈ మనుషులకు జీతం ఇవ్వాలి, ప్రకటనల పని నుంచి విడిపించాలి. పాఠకులుగా మనం కూడా పత్రిక ధర రూపాయి పెరిగితే మానేసి, ఉచితంగా వచ్చేదంతా చదివే అలవాటును ఒకసారి చూసుకోవాలి. మీ మండలంలో తప్పు వార్త వస్తే గ్రూపులో తిట్టి ఊరుకోకండి. పేరు, ఊరు రాసి సంపాదకుడికి ఉత్తరం పెట్టండి. సరిగ్గా రాసిన వార్త కనిపిస్తే ఆ విలేకరికి ఫోను చేసి ఒక మంచి మాట చెప్పండి. అతనికి అలాంటి ఫోనులు అరుదు.

ఈ ప్రసంగంలో నేను కొన్ని తేదీలు, అంకెలు, పేర్లు చెప్పాను. వాటిలో ఏది తప్పనిపించినా విజయవాడ ఆకాశవాణి కేంద్రానికి ఉత్తరం రాయండి. మీ ఉత్తరం నాకు అందుతుంది, జవాబు రాస్తాను. నేను గవర్నర్‌పేటలోనే ఉంటాను.